అరగని వేలు

మిషను వచ్చే రోజు మా వీధి ఆడవాళ్లు కుడిచేతి బొటనవేలు తలకు రుద్దుకుంటూ నడిచేవాళ్లు. కొత్తవాళ్లు చూస్తే అందరికీ ఒకేసారి తల దురద పట్టిందేమో అనుకుంటారు. జుట్టులోని నూనె కాస్త వేలికి అంటితే ముద్ర బాగా పడుతుందని మా నమ్మకం. ఒకామె నిమ్మచెక్క తెచ్చుకునేది. ఇంకొకామె వేలిని కొంగుకు తుడిచి, నోటితో ఊది, మళ్లీ తుడిచేది. ఎన్ని చేసినా ముద్ర ఒక పట్టాన పడేది కాదు.

మాది ఇబ్రహీంపట్నంలో పాత ఇళ్ల వీధి. బ్యాంకు బస్టాండు వైపు ఉంది. అక్కడికి పోతే లైన్లోనే సగం పూట గడిచిపోతుంది, ఆ పూట కూలీ పోతుంది. అందుకని బైకు మీద మిషను పెట్టుకుని ఒక మనిషి రావడం మొదలుపెట్టాక, బ్యాంకే నడిచి మా వీధిలోకి వచ్చిందని సంతోషపడ్డాం. అతనికి నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. కిరాణా దుకాణం అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒక ఫోను, దానికి వైరుతో తగిలించిన అగ్గిపెట్టెంత గాజు బిళ్ల, పక్కన చీటీలు కొట్టే చిన్న డబ్బా. మనం ఆధార్ నంబరు చెప్పి, ఎంత కావాలో చెప్పి, ఆ గాజు బిళ్ల మీద వేలు పెట్టాలి. మన ఖాతాలో డబ్బు తగ్గుతుంది, అతని సంచిలోని నోట్లు మన చేతికి వస్తాయి. మేమంతా అతన్ని మిషనాయన అనేవాళ్లం.

ఆ అరుగు మీద నాకొక పీట ఉండేది. ఆ పీట సంగతి చెప్పాలంటే నా చదువు సంగతి చెప్పాలి.

నాకు అక్షరాలు వచ్చింది నలభై తొమ్మిదో ఏట. శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ మెస్సులో నేను పళ్లేలు కడిగే పని చేస్తాను. మధ్యాహ్నం పని అయ్యాక ఇంటికి వచ్చేదాన్ని. మా మహిళా సంఘంలో ఒక చెల్లె అప్పుడు డిగ్రీ చదివి ఇంట్లో ఉండేది. రోజూ గంటసేపు, సంఘం గదిలో, మాకు పలక పట్టించి నేర్పింది. మొదట తొమ్మిది మందిమి పోయాం. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. ఎనిమిది నెలలు పట్టింది. నేను ఎవరి సాయం లేకుండా మొదట చదివిన మాట మా మెస్సు గోడ మీద ఉంది. ‘అన్నం పారవేయరాదు’ అని. ఆ మాట కిందనే నిలబడి నేను పదకొండేళ్లు పారేసిన అన్నం ఎత్తిపోశాను. ఆ రోజు పళ్లేలు పక్కన పెట్టి చాలాసేపు ఆ గోడనే చూశాను. వంట మేస్త్రీ వచ్చి, గోడ కూలుతుందా ఏంది, అని అడిగాడు.

ఆ తర్వాత నాకు కాగితాల పిచ్చి పట్టింది. మందుల డబ్బాలో మడిచి పెట్టే కాగితం, బస్సు టికెట్టు, మిర్చి బజ్జీలు కట్టి ఇచ్చిన పేపరు, ఏది దొరికితే అది చదివేదాన్ని. మా ఆయన సాగర్ రోడ్డు మీద షేర్ ఆటో నడుపుతాడు. సాయంత్రం ఇంటికి రాగానే జేబులు దులిపి నా ముందు పెట్టేవాడు.

“తీస్కో. పెట్రోలు చీటీ, చలానా కాగితం. పొద్దుగాల కల్లా పరీక్ష పెడ్త.”

అలా వీధిలో నేను చదువు వచ్చిన మనిషినయ్యాను. దుకాణం ఆమెకు చదువు వచ్చినా బేరాలతో తీరిక ఉండేది కాదు, అందుకే మిషనాయన వచ్చినప్పుడు ఆడవాళ్లు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లు. చీటీ ఇంగ్లీషులో ఉండేది, కానీ అంకెలు ఏ భాషలోనైనా అంకెలే కదా. నేను చీటీ అందుకుని, “వెయ్యి అని ఉన్నది, వెయ్యి ఇచ్చిండు, సరిపోయింది” అని చెబితేనే వాళ్లు నోట్లు కొంగున కట్టుకునేవాళ్లు. చీటీ వాళ్లకు అక్కర్లేదు. నా ఒళ్లో పడేసి పోయేవాళ్లు. ఇంటికి తీసుకుపోయి ప్రతి చీటీ వెనక తెల్లగా ఉన్న చోట రాత నేర్చుకునేదాన్ని. అది ఏ ఇంటి వాళ్లదో రాసేదాన్ని. మూలింటి అవ్వ. బోరు కాడి చెల్లె. టైలరు తల్లి. తారీఖు వేసేదాన్ని. తర్వాత బిస్కట్ల డబ్బాలో పెట్టేదాన్ని. వేరే ఆలోచన ఏమీ లేదు, ఖాళీ కాగితం దండగ అవుతుందని.

మూలింటి అవ్వ అంటే వీధి మూల మీద కూతురి ఇంట్లో ఉండే ముసలామె. డెబ్బై దాటాయి. మాట మాత్రం కొడవలి. ఆమె వేలు ఎప్పుడూ మొదటిసారికి పడేది కాదు.

“పడలే అవ్వా, మళ్ల పెట్టు” అనేవాడు మిషనాయన.

“డెబ్బై ఏండ్ల సంది నాతోనే ఉన్నది గీ వేలు. ఇగ నన్నే గుర్తుపడతలేదు.”

“కలుపు తీసి తీసి అరిగిందవ్వా. జర గట్టిగ ఒత్తు.”

“ఇంకేం ఒత్తాలెరా. మిషన్ల నుంచి అవతలికి ఎల్తది.”

అరుగంతా నవ్వేది. మిషనాయన కూడా నవ్వేవాడు. తర్వాత నా వంతు వస్తే, “అక్కా, నీదైతే సబ్బు నీళ్లకు మొత్తం నున్నగైంది. నీకు మూడుసార్లు తప్పదు” అనేవాడు. నాకు ఆ మాట చెడ్డగా అనిపించేది కాదు. రేషన్ దుకాణంలో కూడా ఒక్కోసారి మా వేళ్లు పడవు. అరిగిన వేలు అంటే పని చేసిన వేలు అనుకునేదాన్ని. వేలు పడకపోవడం మా తప్పే అన్నట్టు, పైగా అది కొంచెం గొప్ప అన్నట్టు, మేము రెండోసారి పెట్టేవాళ్లం, మూడోసారి పెట్టేవాళ్లం. అతను అడిగినన్నిసార్లు పెట్టేవాళ్లం.

అవ్వ ప్రతి నెలా పింఛనులో కొంత తీసుకుని ఐదు వందలు ఖాతాలోనే వదిలేసేది. వాళ్లది చర్చికి పోయే కుటుంబం. ఆమె భర్త సమాధి మట్టి కుప్పగానే ఉంది. దానికి సిమెంటు చేయించి, పలక మీద పేరు రాయించాలని ఆమె కోరిక. రెండేళ్లు అలా వదిలింది. మేస్త్రీతో మాట్లాడుకుని, ఒక నెల అరుగు మీదికి వచ్చి, “నా పైసలన్నీ తియ్యి” అంది.

మిషనాయన ఫోను చూసి, “అన్ని లేవవ్వా. బ్యాంకోళ్లు చార్జీలు కోస్తుంటరు. పదిహేను వందలున్నయ్, తియ్యాల్నా?” అన్నాడు.

అవ్వ అతని వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

“నువ్వే గదా బిడ్డా చదివింది. నెలనెలా సరిపోయింది, సరిపోయింది అన్నవ్. లోపల ఎంతున్నదో చదువలేదా?”

నేను చదివింది తీసిన డబ్బు మాత్రమే. మిగిలిన డబ్బు చీటీ మీద ఎక్కడా ఉండేది కాదు. అవ్వ లేచి, చీర దులుపుకుని, అందరూ వినేటట్టు అంది.

“చదువు రాని కాడ నేనే వేళ్ల మీద లెక్క పెట్టుకునేదాన్ని. చదువొచ్చినామెను పక్కన పెట్టుకొని మునిగిన.”

ఆ తర్వాతి నెల నన్ను ఎవరూ పిలవలేదు. పీట గోడకు ఆనించి ఉంది. నేను మెస్సు నుంచి వస్తూ అరుగు ముందు నుంచే నడిచి పోయాను. బ్యాంకు చార్జీలు కోసిందంటే అంతే కాబోలు, నేను ఏం చేయగలను అని మనసుకు చెప్పుకున్నాను. మనసు వినలేదు. ఆ చదువు కోసం ఎనిమిది నెలలు నేను మధ్యాహ్నం నడుము వాల్చలేదు. అది ఒక ముసలామెకు అన్యాయం చేయడానికి పనికొచ్చిందా అనిపించేది.

కొన్ని రోజులకు తుర్కయాంజాల్‌లో మా ఆడబిడ్డ కొత్త ఇంట్లో పాలు పొంగించారు. మా ఆయన ఆటోలోనే పోయాం. అక్కడ చేతిలో డబ్బు తక్కువై, రోడ్డు మీద ఒక ఫోన్ల దుకాణంలో అదే రకం మిషను కనిపిస్తే ఆగాం. అలవాటు ప్రకారం వేలు తలకు రుద్దుకుని, గాజు బిళ్ల మీద పెట్టి, “మళ్ల పెట్టాల్నా?” అని అడిగాను.

“ఎందుకమ్మా? పడ్డది” అన్నాడు దుకాణం అతను.

“ఒక్కసారికేనా?”

“ఒక్కసారికే. మంచిగ పడ్డది.”

డబ్బు ఇచ్చి చీటీ ఇచ్చాడు. నేను ఆ వేలినే చూసుకుంటూ ఆటో ఎక్కాను. పొద్దున కడిగిన పళ్లేలే, అదే సబ్బు, అదే వేలు. మా వీధిలో మూడుసార్లకు పడని వేలు ఇక్కడ ఒక్కసారికి ఎలా పడింది? చీటీ చేతిలో ఉంది కాబట్టి చదవడం మొదలుపెట్టాను. అది పొడుగ్గా ఉంది. తీసిన డబ్బు అంకె కింద ఇంకొక వరుస ఉంది. ఆ వరుసలో ఇంకో అంకె ఉంది. అది నేను తీసిన డబ్బు కాదు.

“ఇదేంది?” అని మా ఆయనకు చూపించాను. ఆయన ఆటో పక్కకు ఆపి చూశాడు.

“బ్యాలెన్సు. నీ ఖాతాల ఇంక ఎంతున్నదో గది.”

“మన కాడ చీటీలల్ల గది ఉండదు గదా.”

“ఎందుకుండదు? మిషన్లన్నీ ఒక్కటే తీరు.”

ఇంటికి పోగానే బిస్కట్ల డబ్బా దించి చీటీలన్నీ చాప మీద పరిచాను. మిషనాయన ఇచ్చిన ప్రతి చీటీ పొట్టిగా ఉంది. కింద చింపిన అంచు ఉంది. తీసిన డబ్బు అంకె దగ్గరికి చింపి ఇచ్చేవాడు. ఏడాదిన్నర చీటీలు నేను చదివాను, వాటి వెనక రాత కూడా రాశాను. కాగితం అక్కడ ఎందుకు అయిపోయిందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

మర్నాడు మెస్సుకు సగం పూట సెలవు పెట్టి, పెట్టెలో నుంచి నా బ్యాంకు పుస్తకం తీసుకుని పోయాను. ఖాతా తెరిచినప్పటి నుంచి దానిలో ఒక్క గీత కూడా అచ్చు వేయించలేదు. మిషను వీధిలోకి వస్తుంటే పుస్తకంతో మాకేం పని? బ్యాంకులో అచ్చు పడుతుంటే పేజీలు తిరుగుతూనే ఉన్నాయి. బయట మెట్ల మీద కూర్చుని చదివాను. తారీఖులు, అంకెలు. ఒకే తారీఖు కింద రెండు వరుసలు. ఒకటి నేను తీసుకున్నది. ఒకటి నేను ఎరగనిది, ఐదు వందలు. తర్వాతి నెలా అంతే. నా వేలు పడలేదని అతను చెప్పిన ప్రతి నెలా నిజానికి అది పడింది.

నేను అక్కడి నుంచి నేరుగా మూలింటి అవ్వ దగ్గరికి పోయాను. ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది.

“ఎందుకొచ్చినవ్?” అంది తల ఎత్తకుండా.

“అవ్వా, నేను చదివింది తప్పు కాదు. సగమే చదివిన. తతిమా సగం ఆయన చింపి ఇచ్చిండు. నీ బ్యాంకు బుక్కు ఇయ్యి, అచ్చు ఏయించుకొస్త.”

అవ్వ కొంచెంసేపు గింజలు తీసింది. తర్వాత లేచి, చేయి కడుక్కుని, లోపలికి పోయి పుస్తకం తెచ్చింది. నేను చేయి చాస్తే ఇవ్వలేదు.

“నేను గూడ వస్త. నా బుక్కు నా చేతుల్నే ఉంటది.”

అవ్వ పుస్తకంలో కూడా అలాగే ఉంది. నా దానికంటే ఎక్కువ. ఆమె నెలనెలా డబ్బు లోపలే వదిలేస్తుందని తెలిసి అతను పెద్ద అంకెలే కొట్టాడు. ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టి చదివి చెప్పాను. ఆమె ఏడవలేదు. “ఇంకా చదువు” అంది. అయిపోయాక, “మళ్ల మొదటి సంది చదువు” అంది.

ఈ సంగతి మిషనాయనకు ఎలా తెలిసిందో తెలియదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ద్రాక్షపళ్ల సంచితో మా ఇంటికి వచ్చాడు. మా ఆయన వాకిట్లో ఆటో కడుగుతున్నాడు.

“అక్కా, నీ ఖాతాల ఏదో ఎక్కువ తక్కువ అయ్యిందట. మిషన్ తప్పు. నీవి నీకు ఇప్పుడే ఇస్త. ఖతం జేద్దాం.”

“అవ్వవి?”

“అవ్వ సంగతి నీకెందుకు. నీది నువ్వు చూస్కో.”

“ఆమె చీటీలు నా తాన ఉన్నయ్. అందరివీ ఉన్నయ్.”

అతని ముఖం మారింది. గొంతు తగ్గించాడు.

“జర సోంచాయించు అక్కా. ఏడాదిన్నర నా పక్కన పీటేస్కొని కూసున్నవ్. సరిపోయింది సరిపోయింది అని చెప్పింది నువ్వు. నీకు వాటా ఉన్నదని నేనంటే వీధిల ఎవ్వలు నమ్మరు? అక్షరం ముక్కొచ్చినదానివి, నీకు తెల్వకుండనే అయిందంటరా?”

మా ఆయన నీళ్ల మగ్గు కింద పెట్టాడు. “తమ్మీ, ఆ పండ్లు తీస్కపో. మా ఇంట్ల నలుగురికి షుగరు” అన్నాడు. మా ఇంట్లో ఎవరికీ షుగరు లేదు.

అతను పోయాక చీటీల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అతను అన్నదానిలో నిజం ఉంది, అదే భయం. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. కానీ పక్కన కూర్చుని వాటా తిన్నదన్న మాట ఒకసారి వీధిలో పడితే, నేను పలక పట్టిన ప్రతి మధ్యాహ్నానికీ మసి అంటుతుంది. ఆడవాళ్లు రేపు తమ పిల్లలకు, చదువు వస్తే ఇలాగే మోసం చేస్తారు అని నన్ను చూపిస్తారు. మా ఆయన అన్నం తింటూ ఒకే మాట అన్నాడు.

“ఆయన చెప్పేలోపల నువ్వే చెప్పు.”

పొద్దున్నే బిస్కట్ల డబ్బా చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి గుమ్మం ముందూ ఒకే మాట చెప్పాను. నేను పక్కన కూర్చున్నాను, సరిపోయిందని చెప్పాను, సగమే చదివాను, మిగతా సగం అడగలేదు, అది నా తప్పు. ఇప్పుడు మీ పుస్తకాలు తీసుకుని బ్యాంకుకు రండి. టైలరు తల్లి, “నీకెంతిచ్చిండు?” అని ముఖం మీదే అడిగింది. నా పుస్తకం తెరిచి నా వరుసలు చూపించాను. ఆమెకు అక్షరాలు రావు గానీ ఒకే రకం రెండు వరుసలు కళ్లకు కనిపిస్తాయి. “నిన్ను గూడ దోసిండా” అంది. ఆ మాట ఆమె గొంతులో కొంచెం సంతోషంగానే వినిపించింది. తర్వాత చెప్పులు వేసుకుంది.

కిరాణా దుకాణం ఆమె కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. దుకాణం పిల్లవాడికి అప్పగించకుండా ఏకంగా షట్టరు దించేసింది. “నా అరుగు మీదే కదండీ కూర్చున్నాడు వదినా. నేను రాకపోతే ఎలా?” అంది. పదకొండు మందిమి, ఆమెతో పన్నెండు మందిమి అయ్యాం. మా ఆయన ఆటోలో రెండుసార్లు తిరిగి మమ్మల్ని బ్యాంకు ముందు దింపాడు.

మేనేజరు కళ్లద్దాల మనిషి. మా మందను చూసి ముందు విసుక్కున్నాడు.

“వేలు మీరే పెట్టారు కదమ్మా. మీ వేలు లేకుండా మిషన్ డబ్బు ఇవ్వదు.”

“పెట్టినం సార్. పడలేదన్నడు, మళ్ల పెట్టినం. గీ బుక్కుల ఒక్కటే రోజు రెండు వరుసలున్నయ్. మా తాన చీటీ ఒక్కటే ఉన్నది” అని డబ్బా మూత తీశాను.

అతను ఒక చీటీ తీసి చూశాడు. తిప్పి వెనక చూశాడు. ఇంకొకటి తీశాడు. మూలింటి అవ్వ, తారీఖు. బోరు కాడి చెల్లె, తారీఖు.

“ఇవి ఎవరు రాశారు?”

“నేనే.”

“ఎందుకు రాశారు? అప్పటికే అనుమానం వచ్చిందా?”

“లేదు సార్. రాత నేర్చుకోవడానికి.”

అతను కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత అతని గొంతులో విసుగు లేదు. కంప్యూటరులో మా ఖాతాలు ఒక్కొక్కటే తెరిచి చూసి, “మెసేజీలు పోయే ఫోన్ నంబరు ఇది. ఎవరిది?” అని అడిగాడు. నా ఖాతాకూ అదే నంబరు. అవ్వ ఖాతాకూ అదే. పదకొండింటికీ ఒకటే నంబరు. ఖాతా తెరిచే ఫారాలు మిషనాయనే నింపాడు. మీకు ఫోన్లు లేవు కదా, నాది రాస్తా అన్నాడు. ఆ రోజు అతనికి నేను చాయ్ పెట్టి ఇచ్చాను. అంటే డబ్బు తగ్గిన ప్రతిసారీ బ్యాంకు మాకు చెబుతూనే ఉంది, వింటున్నది మాత్రం అతను. మా వేలు, మా పేరు, మా ఫోను, మూడూ అతని చేతిలో ఉన్నాయి.

ఫిర్యాదు రాసి ఇవ్వాలన్నాడు మేనేజరు. అటెండరును పిలిచి, వీళ్లు చెప్తారు, నువ్వు రాయి అన్నాడు.

“నేను రాస్త సార్” అన్నాను.

ఒక ఆఫీసుకు నేను రాసిన మొదటి కాగితం అది. బ్యాంకు హాలు మూలలో బల్ల మీద వంగి రాశాను. వెనక పదకొండు మంది నిలబడి నా చేయి కదలడమే చూస్తున్నారు. “తొందరలేదు, మంచిగ రాయి” అంది టైలరు తల్లి. “నా పేరు ముందుగాల రాయి” అంది అవ్వ. ఒక పేజీకి గంట పట్టింది. మేనేజరు మొదటి నుంచి చివరి వరకు చదివి, ఒక్క మాట దిద్దకుండా ముద్ర కొట్టాడు. నకలు తీయించి పోలీసు స్టేషనులో కూడా ఇచ్చాం. కింద ఖాతాలున్న వాళ్లంతా వేలిముద్రలు వేశారు. నేను సంతకం పెట్టాను.

మిషనాయన మళ్లీ మా వీధికి రాలేదు. అతని మిషను తీసేసుకున్నారని, ఇంకా రెండు వీధుల్లో ఇలాగే జరిగిందని విన్నాం. నాకు వాటా ఉందని అతను పోలీసుల దగ్గర నిజంగానే అన్నాడట. స్టేషనులో అడిగితే, పక్కన కూర్చున్న సంగతి ముందే మా అందరికీ చెప్పుకుని వచ్చిన మనిషి ఈమె అని పదకొండు మందీ ఒకేసారి చెప్పడంతో పోలీసాయన చెవులు మూసుకున్నాడు. మా డబ్బు మూడో నెలలో ఖాతాల్లో పడింది. అవ్వ ఆ వారమే మేస్త్రీని పిలిపించింది.

ఇప్పుడు మా వీధిలో కొన్ని పద్ధతులున్నాయి. ఖాతాకు ఉండేది ఎవరి ఫోను నంబరు వాళ్లదే, లేకపోతే ఇంట్లో వాళ్లది. ఏ మిషను దగ్గరైనా వేలు పడలేదంటే, పడలేదన్న చీటీ కూడా ఇవ్వమని అడుగుతాం. అది వచ్చి, ఫోనుకు మెసేజీ ఏమీ రాలేదని చూసుకున్నాకే రెండోసారి వేలు పెడతాం. చీటీ ఎక్కడా చింపకూడదు. నెలకొకసారి పుస్తకం అచ్చు వేయిస్తాం. ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేయవచ్చని తెలుసుకుని ముందు నాది వేసుకున్నాను. ఫోనులో తెలుగు పెట్టుకుని, వచ్చిన నంబరు కొట్టి, నా చేతులతో నేనే. తర్వాత అడిగిన వాళ్లకు వేసి పెట్టాను. మొదటి నెల రేషన్ దుకాణంలో ఒక్కరి వేలూ పడక పెద్ద గొడవయింది. తాళం వేశామన్న సంగతి అందరం మరిచిపోయాం. డీలరు తల పట్టుకుంటే, “ఈసారి మాత్రం నిజంగ పడలే” అని అవ్వ అతన్ని ఓదార్చింది. ఇప్పుడు బియ్యం రోజూ, డబ్బు తీసే రోజూ తాళం తీసి, పని అయ్యాక మళ్లీ వేస్తాం.

అవ్వ ప్రతి నెలా మొదటి వారంలో పుస్తకం పట్టుకుని మా ఇంటికి వస్తుంది. చేతికివ్వదు, తన చేతుల్లోనే తెరిచి పట్టుకుంటుంది. నేను చదువుతాను. విని, పుస్తకం మూసి, చాయ్ తాగి పోతుంది. ఇలా నాలుగైదు నెలలు గడిచాక ఒక రోజు ఉప్పు ప్యాకెట్టుకు పోతే కిరాణా ఆమె నవ్వుతూ అంది.

“ఒక మాట చెప్తాను, ఏమనుకోకండి వదినా. మీరు చదివి చెప్పాక అవ్వ అటు నుంచి అటే నా దగ్గరకు వస్తుందండీ. అదే పుస్తకం నా చేత మళ్లీ చదివించుకుంటుంది. మీరు చెప్పిన అంకె, నేను చెప్పిన అంకె ఒకటేనా అని చూసుకుంటుంది.”

నేను ఉప్పు తీసుకుని బయటికి వచ్చాను. కొంచెం గుచ్చుకుందన్న మాట నిజం. ఇంత జరిగాక కూడా నా మీద నమ్మకం కుదరలేదా అనుకుంటూ వీధి మూల దాకా నడిచాను. అవ్వ వాకిట్లోనే కూర్చుని ఉంది.

“దుకాణామెతోటి గూడ చదివిపిస్తున్నవట” అన్నాను.

“అవ్” అంది అవ్వ, దాచుకోకుండా. “నెలకొక్కపారి చర్చికాడ పాస్టరు తోటి గూడ చదివిపిస్త.”

“మరి నేను చదివింది సరిగనే ఉన్నదా?”

“గిప్పటిదాక అయితే సరిగనే ఉన్నది. వచ్చే నెల గూడ చూస్త.”

నేను ఆమె పక్కన గద్దె మీద కూర్చున్నాను. నేర్చుకోవడానికి పోయిన తొమ్మిది మందిలో ఈమె లేదు. పలక ఎప్పుడూ పట్టలేదు. కానీ ఒకరు చెప్పింది చాలదని, ఇంకొకరితో సరిచూసుకోవాలని ఆమెకు ఇప్పుడు తెలుసు. నేను చదివింది తప్పయితే నన్ను పట్టుకునే మనిషి వీధిలో ఉంది. నాలుగు నెలలుగా ఆమె పెట్టిన పరీక్షలో, పెట్టినట్టు నాకు తెలియకుండానే, నేను నెగ్గుతూ వచ్చాను. మా ఆయనకు ఈ మాట చెప్పాలని తొందరగా లేచాను.

“కూసో, మా బిడ్డ చాయ్ పెడ్తది” అంది అవ్వ. కూర్చున్నాను.